భయపెట్టే కథని అరకులో నవ్వించాం

కో-డైరెక్టర్ అంటే ఏం పనో మా చుట్టాల్లో ఇప్పటికీ ఒక్కరికీ తెలీదు. పెళ్ళిళ్ళలో కనబడితే "డైరెక్టర్ గారికి గొడుగు పట్టేది మీరేనా?" అని అడుగుతారు. కాదురా నాయనా, ఆ గొడుగు వేళకి రాకపోతే తిట్లు తినేది నేను అని చెప్తాను. ఇన్నేళ్ళ ఉద్యోగాన్ని ఇంతకంటే చిన్నగా చెప్పడం నాకు చేతకాలేదు.

ఇప్పుడు రిటైరయ్యాను. సినిమాల్లో రిటైర్మెంటుకి కాగితం ఇవ్వరు, ఫోన్లు రావడం మానేస్తాయి. నా విషయంలో ఫోన్లకంటే ముందు మోకాళ్ళే చెప్పేశాయి. సాలూరులో సొంతింట్లో ఉంటున్నాను. డైరెక్షన్ డిపార్ట్‌మెంటులో చేరదామనుకునే పిల్లలు అప్పుడప్పుడు వెతుక్కుంటూ వచ్చి "సార్, ఏమైనా చెప్పండి" అంటారు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. నాకు జరిగిన సన్మానాలు, నేను ఏ హీరో పక్కన కూర్చుని భోంచేశాను లాంటివి ఇందులో దొరకవు. అవి కావాలంటే యూట్యూబులో బోలెడున్నాయి, చూసుకోండి.

ఉద్యోగం అంటే ఇదీ

సినిమా ఎలా ఉండాలో డైరెక్టర్ ఆలోచిస్తాడు. ఆ ఆలోచనకి ఇవాళ ఏం తక్కువైందో కో-డైరెక్టర్ చూసుకుంటాడు. జూనియర్ ఆర్టిస్టులు వచ్చారా, హీరోయిన్ నిన్నటి షాటులో పెట్టుకున్న గాజులే పెట్టుకుందా, వెనకాల గోడ మీద ఎవరైనా అండర్‌వేర్ ఆరేశారా. ఇదంతా అరిచి చేయించాలి. నా గొంతుకి మైకు అక్కర్లేదని యూనిట్‌లో పేరుంది. కోపం కూడా ఎక్కువే. కానీ ఒక్కటి చెప్తాను, భోజనాల దగ్గర ఎవర్నీ తిట్టలేదు.

ఇంకో సంగతి. డైరెక్టర్ పక్కన నిలబడి "నేనైతే దీన్ని ఇలా తీసేవాణ్ణి" అని మనసులో అనుకోని కో-డైరెక్టర్ని నేను చూడలేదు. అనుకోండి, తప్పేం లేదు. పైకి మాత్రం అనకండి. అన్నారో, ఆ సెట్లో ఇద్దరు డైరెక్టర్లు తయారవుతారు. ఎవరి మాట వినాలో తెలీక యూనిట్ మొత్తం టీ బండి దగ్గర చేరుతుంది.

నాకూ డైరెక్టర్ అవ్వాలనే ఉండేది. ఎందుకుండదు? ఊరు వదిలి వెళ్ళిందే అందుకు. ఒకసారి కథ ఓకే అయ్యాక నిర్మాత వేరే వ్యాపారంలోకి వెళ్ళిపోయాడు. ఇంకోసారి ముహూర్తం కూడా పెట్టుకున్నాం, హీరోకి పెద్ద బ్యానర్ దొరికింది, మా సినిమా అలాగే ఆగిపోయింది. తర్వాత పిల్లల చదువులు, ఇల్లు, నెల నెలా జీతం. కోరిక చావలేదు గానీ, దాని గురించి ఎవరితోనూ మాట్లాడ్డం మానేశాను.

హీరో కుంటినడక

రీమేకుల్లో పనిచేసే పిల్లలకి ఈ కథ తప్పకుండా చెప్తాను. నేను కొత్తగా చేరినప్పుడు మా డైరెక్టర్ గారు చాలా పెద్దాయన, చాలా శ్రద్ధగలాయన. వేరే భాషలో బాగా ఆడిన సినిమా ఒకటి రైట్స్ కొని, ఎదురుగా టీవీ పెట్టుకుని, ఒక్కో షాటూ ఆపి చూసి తీసేవారు. ఒరిజినల్లో ఇంటర్వెల్ తర్వాత హీరో కొంచెం కుంటుతూ నడుస్తాడు. ఎందుకో కథలో ఎక్కడా లేదు. మా డైరెక్టర్ గారు దాని మీద రెండు రోజులు ఆలోచించి, అది అతని మనసులోని గాయం అని తేల్చారు. మా హీరోకి నడక నేర్పించారు. ఆయన ఇంట్లో కూడా అలాగే నడుస్తుంటే వాళ్ళావిడ భయపడి డాక్టర్ని పిలిపించిందట.

సినిమా రిలీజయ్యాక ఒక ఫంక్షన్‌లో ఒరిజినల్ తీసిన కెమెరామేన్ కలిశాడు. ఆ కుంటినడక గురించి మా డైరెక్టర్ గారు ఎంతో వినయంగా అడిగారు. "ఓ అదా? మా హీరో బాత్రూంలో జారిపడ్డాడు. షూటింగ్ ఆపలేక అలాగే తీసేశాం" అన్నాడతను. మా డైరెక్టర్ గారి మొహం చూడాలి మీరు. పాపం, ఆ పూట ఆయన భోంచెయ్యలేదు.

అప్పట్నించి రీమేకు కథ వింటే నేను మొదట అడిగేది, ఇందులో కావాలని చేసిందేది, కాలు జారి వచ్చిందేది అని. కావాలని చేసింది కూడా అక్కడి జనం కోసం చేసిందే. ఇక్కడివాళ్ళకి అది పనికొస్తుందో లేదో మళ్ళీ మొదట్నుంచీ ఆలోచించుకోవాలి.

సరేనండి కాలనీ

ఇక అసలు సంగతి. నేను చివరగా పనిచేసిన సినిమా కూడా రీమేకే. చాలా ఏళ్ళ కిందట వేరే భాషలో వచ్చిన థ్రిల్లర్ దానికి మూలం. నగరం శివార్లో అందమైన కాలనీ. ఇళ్ళన్నీ ఒక్కలాగే ఉంటాయి, కుండీల్లో పూలు కూడా ఒక్క రంగువే. అక్కడి ఆడవాళ్ళంతా భర్త ఏమన్నా నవ్వుతూ "సరేనండి" అంటారు. కొత్తగా కాపురానికొచ్చిన హీరోయిన్‌కి అనుమానం వస్తుంది. తీరా చూస్తే కాలనీ అసోసియేషన్ ప్రెసిడెంటు, మగాళ్ళూ కలిసి మంచినీళ్ళ క్యాన్లలో ఏదో మందు కలుపుతున్నారు. చివర్లో హీరోయిన్ మొగుడు కూడా వాళ్ళలో చేరతాడు, ఆమె కూడా ఆ నీళ్ళు తాగేస్తుంది. కెమెరా వైపు చూసి నవ్వి "సరేనండి" అంటుంది. అక్కడితో సినిమా అయిపోతుంది. నేను చూసినప్పుడు వెన్నులో చలి పుట్టింది, నిజం.

దీన్ని కామెడీగా తియ్యాలని మా నిర్మాత పైడిరాజు గారి ఆలోచన. ఆయన విశాఖలో వ్యాపారస్తుడు, మంచివాడే, కానీ ఆయన అనుకున్నది పక్కవాడు వెంటనే మెచ్చుకోకపోతే చిన్నబుచ్చుకుంటాడు. డైరెక్టర్‌గా హారిక అనే అమ్మాయిని పెట్టారు. ముప్పై దాటి ఉండవు. రెండు షార్ట్ ఫిల్ములు తీసింది, ఇదే మొదటి సినిమా. అనుభవం ఉన్నవాడు పక్కనుండాలని నన్ను పిలిచారు. ఆ అమ్మాయి మొదటిరోజే నా దగ్గరకొచ్చి "గురువు గారూ, నేను తప్పు చేస్తే పక్కకి పిలిచి చెప్పండి, అందరి ముందూ వద్దు" అంది. అలా అడగడం నాకు నచ్చింది.

కథని కొండ ఊరి కాలనీకి మార్చి అరకు దగ్గర తీశాం. గిరిజన ఏజెన్సీలో బయటివాళ్ళు స్థలం కొనడానికి లేదు కాబట్టి అక్కడ నిజం కాలనీ దొరకదు. ఖాళీ మైదానం అద్దెకి తీసుకుని ప్లైవుడ్‌తో ఇళ్ళ ముందు గోడలు మాత్రం నిలబెట్టాం. ముందు నుంచి చూస్తే విల్లాలు, వెనక నుంచి చూస్తే కర్రలు, మేకులు. పక్క ఊరి మేకలు హీరో బెడ్‌రూంలోంచి వచ్చి ప్రెసిడెంటు గారి వరండాలోంచి వెళ్ళిపోయేవి. వాటిని తోలడానికి నా గొంతు చాలా పనికొచ్చింది.

కాలనీలో పనిమనుషుల వేషాలకి ఆ పక్క ఊరి ఆడవాళ్ళనే పెట్టుకున్నాం. వాళ్ళకి పెద్ద చిలకమ్మ. కాఫీ తోటల్లో పనికి వెళ్ళే మనిషి, మాట ఠకీమని వస్తుంది. మా హీరోయిన్లు వరసగా నిలబడి "సరేనండి, సరేనండి" అని రిహార్సల్ చేస్తుంటే చూసి నన్ను అడిగింది, "ఏటి బాబూ, ఈ గుంటలకి జొరమా?" అని. గుంటలంటే ఆడపిల్లలు. నేను కథ చెప్పాను. ఆవిడ విని, "ఆ మందు మా ఆయనకి కలపడానికి దొరకదేటి?" అంది.

యూనిట్ సంగతి కూడా చెప్పాలి. ఆ అమ్మాయి లెన్సు మార్చమంటే కెమెరా అసిస్టెంట్లు నా వైపు చూసేవారు. "నన్ను చూస్తారేంటి, డైరెక్టర్ గారు చెప్పారు కదా" అని కసిరేవాణ్ణి. రోజులు గడిచినా ఇది తగ్గలేదు. ఆడపిల్ల డైరెక్టర్ అయితే ఇప్పటికీ ఇంతే. ఈ ఉద్యోగంలోకి వచ్చే అబ్బాయిలూ, దయచేసి మీరు మా కాలంవాళ్ళలా తయారవకండి.

కుర్చీ మాట

సినిమా సాఫీగానే సాగింది గానీ క్లైమాక్స్ కుదర్లేదు. ఒరిజినల్లోలాగా భయపెట్టి వదిలేస్తే అది కామెడీ అవదు. హారిక మూడు రకాలుగా రాసింది. ఒకదాంట్లో పోలీసులు వస్తారు. ఒకదాంట్లో మగాళ్ళే పొరపాటున ఆ నీళ్ళు తాగేస్తారు. మూడోదాంట్లో హీరో వచ్చి అందర్నీ కొట్టి పెళ్ళాన్ని కాపాడతాడు, అది నిర్మాత గారి కోసం రాసింది. చదువుతుంటే ఎవరికీ నవ్వు రాలేదు, రాసిన అమ్మాయికి అసలే రాలేదు. హీరో డేట్లు అయిపోవస్తున్నాయి.

అప్పుడు పైడిరాజు గారు నన్ను హోటల్లో టిఫిన్ దగ్గర పక్కన కూర్చోబెట్టుకున్నారు. "సూరిబాబూ, ఎల్లుండికి ఆ అమ్మాయి క్లైమాక్స్ తేకపోతే మిగతా సినిమా నువ్వు తియ్యి. డైరెక్టర్‌గా నీ పేరే వేస్తాను. రేపు చెప్పు" అన్నారు.

ఇన్నేళ్ళూ ఎదురుచూసిన మాట, మోకాళ్ళు పోయాక వచ్చింది. ఆ అమ్మాయి గురించి బాధ కలగలేదా అంటే కలిగింది. ఇలా మొదటి సినిమా మధ్యలో తీసేస్తే రెండో సినిమా ఎవరూ ఇవ్వరు, మగవాడికే ఇవ్వరు, ఆమెకి ఎవడిస్తాడు? అది నాకు బాగా తెలుసు. అయినా ఆశ కూడా కలిగింది. రెండూ ఒకేసారి కలిగాయి. అబద్ధం ఎందుకు చెప్పాలి?

ఆ రోజంతా పని చేస్తూనే మనసులో నా క్లైమాక్స్ తీసేసుకున్నాను. వాన కురుస్తూ ఉంటుంది. హీరో పశ్చాత్తాపంతో భార్య కాళ్ళ మీద పడతాడు. ఆమె కన్నీళ్ళతో అతన్ని లేవదీస్తుంది. కాలనీ అంతా చూస్తూ నిలబడుతుంది. ఎక్కడ కెమెరా పెట్టాలో, ఎక్కడ వయొలిన్ రావాలో కూడా అనుకున్నాను. నా కళ్ళల్లోనే నీళ్ళు తిరిగాయి.

దారికి అడ్డంగా వెదురుబొంగు

మర్నాడు పొద్దున్న పైడిరాజు గారి కార్లోనే లొకేషన్‌కి బయల్దేరాం. వెనక వ్యానులో హారిక, కెమెరా వాళ్ళు. దారిలో ఆయన "ఏమాలోచించావు?" అని మొదలుపెట్టారు. నేను నోరు తెరిచేలోపు కారు ఆగిపోయింది. రోడ్డుకి అడ్డంగా పొడుగాటి వెదురుబొంగు. దాని వెనక ఆడవాళ్ళ గుంపు, ముందు చిలకమ్మ.

అది ఇటుకల పండగ. చైత్రమాసంలో ఏజెన్సీ ఊళ్ళలో చేసుకుంటారు. మగవాళ్ళు అడవిలోకి వేటకి పోతారు, ఇప్పుడు వేట పేరుకేలెండి. ఆడవాళ్ళు దారులు కట్టి వచ్చేపోయే బళ్ళని ఆపుతారు. మా మేనేజర్ షెడ్యూల్ వేసేటప్పుడు హీరో డేట్లు చూశాడు, వాన చూశాడు, అమావాస్య కూడా చూశాడు. ఆ పండగ ఎప్పుడన్నది ఊరి పెద్దలు కూర్చుని చెప్పుకుంటారు, కేలెండర్లో ఉండదు. వాళ్ళనొక మాట అడగాలని ఎవరికీ తోచలేదు. మా పనిమనుషుల వేషాలన్నీ ఆ రోజు వెదురుబొంగు దగ్గరే ఉన్నాయి.

"ఏటి బాబూ, కారు దిగవా?" అంది చిలకమ్మ.

"షూటింగ్‌కి లేటవుతోందమ్మా, తియ్యి ఆ కర్ర" అన్నారు పైడిరాజు గారు.

"పండగ బాబూ. పైసలిచ్చి ఎల్లు. నేదంటే గెంతి ఎల్లు."

"నా దగ్గర డబ్బులు ఉండవమ్మా. ఫోన్లో పంపుతాను."

అలా అంటే వదిలేస్తారనుకున్నారు ఆయన. ఒక గుంట నడుంలోంచి స్కానర్ కార్డు తీసి ఆయన మొహం ముందు పెట్టింది. ఆ మలుపులో సిగ్నల్ ఉండదు. ఆయన ఫోన్ పట్టుకుని కుడివైపు నాలుగడుగులు వేశారు, ఎడంవైపు వేశారు, చెయ్యి తలమీదికెత్తి గుండ్రంగా తిరిగారు, మునివేళ్ళ మీద లేచారు.

"అదిగో! గెంతుతన్నాడే!" అని అరిచింది చిలకమ్మ.

ఆడవాళ్ళు చప్పట్లు అందుకున్నారు. ఇద్దరొచ్చి ఆయన నడుం చుట్టూ చేతులేసి థింసా నాట్యం వరసలోకి లాక్కుపోయారు. విశాఖలో కనబడితే నలుగురు లేచి నిలబడే మనిషి, పొట్ట ఊగుతుంటే ఎర్రటి దుమ్ములో గెంతుతున్నాడు. నేను కారు తలుపు చాటున దాక్కుని నవ్వు ఆపుకోవడానికి నానా తంటాలు పడ్డాను. వెనక్కి చూస్తే హారిక వ్యాను దిగి రోడ్డు మీదే కూలబడి నవ్వుతోంది. ఆ షెడ్యూల్లో ఆ అమ్మాయి నవ్వడం నేను చూసింది అదే మొదలు.

పైడిరాజు గారు చెమటలు కారుతూ కారెక్కారు. ఏమంటారోనని భయపడ్డాను. మొహం తుడుచుకుని, "మా యింటావిడ చూసుంటే వారం రోజులు నవ్వును" అన్నారు. కుర్చీ సంగతి ఆ రోజు మళ్ళీ ఎత్తలేదు.

ఖాళీ చేతులతో

ఆ పూట షూటింగ్ లేదు. చిలకమ్మ వాళ్ళు మమ్మల్ని ఊళ్ళోకి రమ్మన్నారు. చోడి అంబలి, అంటే రాగి జావ ఇచ్చారు. సాయంత్రం వెలుగుండగానే మగవాళ్ళు కొండ దిగారు. ఒక్కరి చేతిలోనూ ఏమీ లేదు. అప్పుడు చూడాలి వాళ్ళ నడక. ముందు నువ్వెళ్ళు అంటే నువ్వెళ్ళు అని ఒకర్నొకరు తోసుకుంటున్నారు. ఊరి మొదట్లో ఆడవాళ్ళు పేడనీళ్ళ బిందెలతో సిద్ధంగా ఉన్నారు. ఖాళీ చేతులతో వచ్చినవాళ్ళని ఎగతాళి చెయ్యడం ఆ పండగలో ఆనవాయితీ. మొగుడనీ మామ అనీ లేదు, పాటలు కట్టి ఉతికి ఆరేశారు. మగాళ్ళు తలొంచుకుని, పేడనీళ్ళలో తడిసి, చివరికి వాళ్ళూ పకపకా నవ్వారు.

హారిక నా చెయ్యి పట్టుకుంది. "గురువు గారూ, మన ప్రెసిడెంటు గారు ఇలా వస్తే?"

"ఎక్కణ్ణించి?"

"కాలనీలో మందు అయిపోయింది. కొత్త సరుకు కోసం మగాళ్ళంతా కొండ మీదికి వెళ్ళారు. ఈలోగా పనిమనుషులు క్యాన్లు పారబోసి ఊట నీళ్ళు పట్టారు. ఆడవాళ్ళకి మత్తు దిగిపోయింది. మగాళ్ళు ఏమీ దొరక్క దిగొచ్చేసరికి కాలనీ గేటుకి అడ్డంగా వెదురుబొంగు. పోలీసులు లేరు, ఫైటు లేదు. ఆడవాళ్ళు నవ్వుతారు. అంతే."

నా వాన, నా వయొలిన్ అన్నీ గుర్తున్నాయి. అయినా నవ్వొచ్చింది, ఆపుకోలేకపోయాను.

హారిక ముందు చిలకమ్మ దగ్గరకెళ్ళి అడిగింది, మీ పండగని ఇలా సినిమాలో పెట్టుకోవచ్చా అని. చిలకమ్మ, ఇంకో ఇద్దరు పెద్దాళ్ళు పక్కకెళ్ళి వాళ్ళ భాషలో మాట్లాడుకున్నారు. "నవ్వడం, గెంతడం పెట్టుకోండి. ఆ పాటలు మాత్రం పండగవి, ఇయ్యం. మీ పాట మీరు కట్టుకోండి" అంది చిలకమ్మ. హారిక అలాగే అని మాటిచ్చింది, నిలబెట్టుకుంది కూడా. మీరు ఏ ఊళ్ళో షూటింగ్ చేసినా ఇలాగే అడగండి. ఇవ్వనన్నది లాక్కోకండి.

మర్నాడు పొద్దున్న అందరూ టీ తాగుతుంటే హారిక పైడిరాజు గారికి క్లైమాక్స్ చెప్పింది. ఆయన మొహంలో ఏమీ కనబళ్ళేదు. అప్పుడు ఆ అమ్మాయి అన్న మాటకి నా గ్లాసులో టీ ఒలికిపోయింది.

"సార్, ఆ మగాళ్ళలో మీరు కూడా ఉండాలి."

యూనిట్ అంతా గ్లాసులు దింపి మా వైపు తిరిగింది.

"నేనా? నేనెందుకమ్మా?"

"యాక్టర్లని చూసి నవ్వమంటే చిలకమ్మ వాళ్ళు కూడా నటిస్తారు సార్. నిన్న మిమ్మల్ని చూసి నిజంగా నవ్వారు. నాకు ఆ నవ్వు కావాలి. నిజంగా కొండెక్కి దిగి రావాలి మీరు, అలిసిపోయి, ఖాళీ చేతులతో."

తనని తీసేయబోతున్న మనిషినే జనం ముందు ఎగతాళి పాలవ్వమని అడుగుతోంది. తీసేస్తారన్న సంగతి ఆమెకి తెలుసు. టిఫిన్ దగ్గర మాట యూనిట్‌లో ఎంతసేపు దాగుతుంది? తెలిసీ అడిగింది.

పైడిరాజు గారు నా వైపు తిరిగారు. "నువ్వేమంటావు సూరిబాబూ? మొన్నటి మాటకి జవాబు కూడా ఇప్పుడే చెప్పు."

ఏం చెప్పాలి? "ఇది ఆడదు సార్" అని ఒక్క ముక్క అంటే చాలు, ఆ కుర్చీ నాది. నా మాట మీద ఆయనకి నమ్మకం ఉంది. ఆ అమ్మాయి నా వైపు చూడకుండా నేలని చూస్తోంది. బతిమాలినట్టు చూడలేదు, అది నాకు గుర్తుంది. నా ఇన్నేళ్ళ అనుభవంలో నిర్మాతని ఇలా అడిగే ధైర్యం నాకు ఏనాడూ లేదు. గొంతు పెద్దదే, ధైర్యం వేరే.

"ఆవిడే తియ్యాలి సార్. ఆ గుంపులో నేను కూడా వస్తాను, కొండెక్కేటప్పుడు మీకు తోడుంటాను" అన్నాను.

అన్నాక బాధేసింది, చాలా బాధేసింది. ఏడుపు దాచుకోవడానికి "టీ గ్లాసులు ఎవడు తీస్తాడ్రా ఇక్కణ్ణించి?" అని అరిచాను.

పైడిరాజు గారు పొట్ట నిమురుకున్నారు. "మేకప్ వద్దు కదా?" అని హారికని అడిగారు.

మేమందరం తడిశాం

నిర్మాత గారు, మేనేజర్, ప్రెసిడెంటు వేషం వేసినాయన, హీరో, నేను, ఇంకొందరం. సిల్వర్ ఓక్ చెట్ల మధ్య కాఫీ తోట దాటుకుని పైదాకా ఎక్కాం. ఆయన ఆయాసపడితే నేను చెయ్యిచ్చాను, నా మోకాలు పట్టేస్తే ఆయన ఇచ్చారు. పైన ఏముంది? ఏమీ లేదు, దిగడమే. దిగుతుంటే మాకు నిజంగానే సిగ్గు మొదలైంది. ముందు మీరు నడవండి అంటే మీరు నడవండి అనుకున్నాం. అది ఎవరూ నేర్పలేదు.

కింద ప్లైవుడ్ కాలనీ గేటుకి వెదురుబొంగు. అవతల చిలకమ్మ బృందం, వాళ్ళ మధ్యలో పట్టుచీరల్లో మా హీరోయిన్లు. దూరంగా మానిటర్ దగ్గర హారిక నిలబడి ఉంది. "యాక్షన్" అంది. పెద్దగా కూడా అనలేదు, మైదానమంతా విన్నది. ఆ రోజు ఒక్క అసిస్టెంటూ నా వైపు చూడలేదు. చూద్దామన్నా నేను వాళ్ళ పక్కన లేను కదా.

మొదటి బిందె పైడిరాజు గారి మీద పడింది. రెండోది నా మీద. నేను జారి కూర్చుండిపోయాను, లేవబోయి మళ్ళీ కూర్చున్నాను. స్క్రిప్టులో హీరోయిన్‌కి డైలాగు ఉంది, ఆమెకి నవ్వు ఆగక చెప్పలేకపోయింది. ప్రెసిడెంటు వేషగాడు తడిసి ముద్దయి, తన అలవాటు కొద్దీ గద్దించి "ఏంటిదంతా? లోపలికి రానివ్వండి!" అన్నాడు. దానికి హీరోయిన్ కళ్ళు తుడుచుకుంటూ "గెంతి రండి" అంది. అది ఎవరూ రాయలేదు. ఆడవాళ్ళంతా ఒక్కసారి భళ్ళున నవ్వారు.

హారిక కట్ చెప్పడం మర్చిపోయింది. మేం గెంతుతూనే ఉన్నాం.

సాలూరు మ్యాట్నీ

సినిమా బాగా ఆడింది. పైడిరాజు గారు తర్వాతి సినిమా కూడా హారికకే ఇచ్చారు, ఈసారి ఆమె సొంత కథ. నన్ను రమ్మంది. మోకాళ్ళు ఒప్పుకోలేదు.

మా ఊళ్ళో ఆడినప్పుడు మా ఆవిడ సత్యవతిని మ్యాట్నీకి తీసుకెళ్ళాను. క్లైమాక్స్‌లో హాలంతా గోల. ముఖ్యంగా ఆడవాళ్ళు, సీట్లు పట్టుకుని ఊగిపోతున్నారు. తెర మీద నేను జారి పడ్డాను. సత్యవతి నా భుజం మీద దబదబా బాదుతూ, కళ్ళనీళ్ళు కారేలా నవ్వింది. నాకు అవార్డు వచ్చినట్టే అనిపించింది.

ఆటోలో ఇంటికొస్తుంటే అడిగింది, "నిర్మాత గారు మిమ్మల్నే తియ్యమన్నారు కదేటి? మీరైతే దాన్ని ఎలాగ తీసుందురు?"

ఎవరికీ చెప్పని నా క్లైమాక్స్ ఆమెకి చెప్పాను. వాన చెప్పాను, వయొలిన్ చెప్పాను. అతను కాళ్ళ మీద పడటం, ఆమె కన్నీళ్ళతో లేవదీయడం, కెమెరా మెల్లగా పైకి వెళ్ళడం, అన్నీ చెప్పాను. సత్యవతి శ్రద్ధగా విన్నది.

"బాగుంది" అంది. "అంతా బాగుంది గానీ, ఆవిడ అతన్నెందుకు లేవదీస్తాది?" అంది.

నేను ఆలోచించాను. ఇల్లు వచ్చేదాకా ఆలోచించాను. నా మొహం చూసి సత్యవతికి మళ్ళీ నవ్వు మొదలైంది, దాంతో నాకూ వచ్చేసింది. ఆటోవాడు వెనక్కి తిరిగి చూశాడు.

మర్నాడు మ్యాట్నీకి మళ్ళీ వెళ్ళాం. నేను జారిపడేది చూపించడానికి సత్యవతి వాళ్ళ అక్కని కూడా వెంటబెట్టుకొచ్చింది.